దిమ్మ లేని పూస: మెడ పైభాగంలోని రెండు ఎముకలు ఎందుకంత వేరు

తల వెనుక, పుర్రె ముగిసేచోట వేలు పెట్టి నడిమధ్యన నెమ్మదిగా కిందికి జార్చండి. ముందు ఒక పల్లం తగులుతుంది. తర్వాత మొద్దుగా, గట్టిగా ఒక ఎముక. మెడలో మొదటి వెన్నుపూస అదేనని చాలామంది అనుకుంటారు. కాదు, అది రెండోది. మొదటిది పైనున్న పల్లంలోనే, కండరాల లోతున ఉంది. వేలికి అందే ముల్లు దానికి లేదు. ఆ మాటకొస్తే, వెన్నుపూస అన్నాక ఉండాల్సినవి చాలానే దానికి లేవు.

మొదటి పూస పేరు అట్లాస్, రెండోదాని పేరు ఆక్సిస్. వైద్య విద్యార్థులు వీటి భాగాలను, కీళ్లను, కట్లను వరసపెట్టి బట్టీ పడతారు. పరీక్ష అయిన నెలకు అందులో సగం గుర్తుండదు. నా ఉద్దేశంలో ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే ఒక్క సంగతి: మొదటి పూసకు దక్కాల్సిన దిమ్మ రెండో పూసకు అతుక్కుపోయింది. తల ఎలా తిరుగుతుంది, మెడ ఎక్కడ విరుగుతుంది, ఒక్కోసారి విరిగినా మనిషి లేచి ఎలా నడుస్తాడు, కీళ్లవాతం వచ్చినవాళ్ల మెడను మత్తు డాక్టరు అంత జాగ్రత్తగా ఎందుకు పట్టుకుంటాడు అన్నవన్నీ దాన్నుంచే తేలతాయి.

మామూలు వెన్నుపూసకు ముందువైపు మందపాటి దిమ్మ ఉంటుంది. ఒంటి బరువు మోసేది ప్రధానంగా అదే. దాని వెనుక ఒక కమాను. దిమ్మకూ కమానుకూ మధ్య రంధ్రం. పూసలు ఒకదాని మీద ఒకటి నిలబడితే ఆ రంధ్రాలన్నీ కలిసి సొరంగమవుతాయి, అందులోంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. కమాను నుంచి వెనక్కి ఒక ముల్లు, పక్కలకు రెండు కొమ్ములు పొడుచుకొస్తాయి. కండరాలకు పట్టు దొరికేది వాటి మీదే. దిమ్మకూ దిమ్మకూ మధ్య డిస్క్ ఉంటుంది. మెడలో ఇలాంటివి 7. జిరాఫీకీ ఏడే, ఎలుకకీ ఏడే. క్షీరదాల్లో స్లాత్‌లు, మానటీలు మినహా దాదాపు అన్నిటికీ ఇదే లెక్క. మన ఏడింటిలో మూడో పూస నుంచి కిందివన్నీ కొద్ది తేడాలతో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి రెండే ఆ అచ్చులో ఇమడవు.

దిమ్మ ఎటు పోయింది?

గర్భంలో పిండం పెరిగేటప్పుడు మొదటి పూసకూ దిమ్మ కావాల్సిన భాగం ఏర్పడుతుంది. కానీ అది తన కమానుతో కలవదు. కిందనున్న ఆక్సిస్ దిమ్మ నెత్తిన కూర్చుని, దానితో ఏకమై, పైకి నిక్కిన పంటి ఆకారంలో నిలబడుతుంది. దాన్నే డెన్స్ అంటారు. పెద్దవాళ్లలో దాని ఎత్తు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. దాని కొస మాత్రం ఇంకా పైనుంచి, పుర్రె అడుగుభాగం తయారయ్యే కణజాలం నుంచి వస్తుంది. అంటే ఆక్సిస్ పైకి ఒకే ఎముకగా కనిపించినా, అందులో మూడు చోట్ల వాటా ఉంది.

ఈ అతుకు ఒక్కరోజులో పడదు. డెన్స్‌కూ ఆక్సిస్ దిమ్మకూ మధ్య మృదులాస్థి పొర ఉండి, 3 నుంచి 6 ఏళ్ల వయసు మధ్య ఎముకగా మారుతుంది. కొసన విడిగా ఉండే చిన్న ముక్క సుమారు 12 ఏళ్లకు కలుస్తుంది. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి నాలుగేళ్ల పిల్లాడి మెడ ఎక్స్‌రేలో డెన్స్ అడుగున నల్లటి గీత ఉంటుంది. పిల్లాడు కిందపడ్డాడని తీసిన ఎక్స్‌రేలో ఆ గీతను చూసి ఎముక విరిగిందనుకోవడం కొత్త డాక్టర్లకు సులభంగా జరిగే పొరపాటు. కొద్దిమందిలో డెన్స్ పెద్దయ్యాక కూడా విడి ముక్కగానే ఉండిపోతుంది. అది పుట్టుకతో వచ్చిందా, చిన్నప్పుడు తగిలిన దెబ్బ వల్లా అన్నదాని మీద వైద్యుల్లో రెండు వాదాలూ ఉన్నాయి.

దిమ్మ పోయిన అట్లాస్‌కు మిగిలింది ఉంగరం. ముందు ఒక పొట్టి కమాను, వెనుక ఒక పొడుగు కమాను, రెంటినీ కలుపుతూ కుడి ఎడమల రెండు బలమైన ఎముక ముద్దలు. కుండ కింద చుట్టకుదురు ఎలాగో తల కింద అట్లాస్ అలాగ. పక్కముద్దల పైతలాలు గుంటలు పడి ఉంటాయి. పుర్రె అడుగున, పెద్ద రంధ్రానికి అటూ ఇటూ ఉన్న రెండు బుడిపెలు వచ్చి వాటిలో కూర్చుంటాయి. పక్క కొమ్ములు మాత్రం మెడలో మిగతా పూసలకన్నా వెడల్పు. చెవి వెనుక ఎముకకూ దవడ మూలకూ నడుమ లోతుగా నొక్కితే వాటి కొసలు తగులుతాయి, కొంచెం నొప్పిగానే ఉంటుంది. వెనుక ముల్లు బదులు చిన్న బుడిపె. అక్కడ పెద్ద ముల్లు ఉంటే తల వెనక్కి వంచినప్పుడల్లా పుర్రెకు అడ్డొచ్చేది.

ఇక్కడ బరువు మోసే పద్ధతి కూడా మారిపోతుంది. తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. అది ఒక దిమ్మ మీద కాకుండా అట్లాస్ పక్కముద్దల మీదుగా, రెండు స్తంభాలుగా దిగుతుంది. ఆక్సిస్‌లోకి వచ్చాక ఆ రెండు దారులూ మూడుగా చీలతాయి: ముందు దిమ్మ, వెనుక కుడి ఎడమ కీళ్లు. అక్కడినుంచి నడుము దాకా ఇదే ఏర్పాటు. ఈ దారి మళ్లింపు జరిగే ఎముక కాబట్టే ఆక్సిస్ ఆకారం అంత చిక్కుగా ఉంటుంది. దాని పై కీళ్లు ముందుకు, కింది కీళ్లు వెనక్కి ఉంటాయి. రెంటినీ కలిపే ఎముక భాగం సన్నగా, పొడుగ్గా సాగినట్టుంటుంది. దీని సంగతి ఎముకలు విరగడం దగ్గర మళ్లీ వస్తుంది.

తిరగడం, వంగడం

పుర్రెకూ అట్లాస్‌కూ మధ్య డిస్క్ లేదు. అట్లాస్‌కూ ఆక్సిస్‌కూ మధ్యా లేదు. వెన్నెముకలో మొదటి డిస్క్ రెండో పూస కిందే మొదలవుతుంది. డిస్క్ రెండు దిమ్మల మధ్య మెత్తగా ఉండి కదలికకు కొంత వీలిస్తుంది, కానీ వాటిని అతికించి పట్టుకుంటుంది కూడా. ఆ పట్టు ఇక్కడ లేదు కనుక కదలికకు హద్దు పెరిగింది.

పై కీలులో బుడిపెలు లోతైన గుంటల్లో కూర్చున్నాయి కాబట్టి ముందుకూ వెనక్కీ ఊగగలవు, గుండ్రంగా తిరగలేవు. ఆ ఊపు మొత్తం మీద 20 నుంచి 25 డిగ్రీలు. కింది కీలు తీరు ఇందుకు పూర్తిగా వేరు. అట్లాస్ ముందు కమాను వెనుక డెన్స్ నిలబడి ఉంటుంది, పుర్రెతో సహా అట్లాస్ దాని చుట్టూ తిరుగుతుంది. ఇటు 40 డిగ్రీలు, అటు 40 డిగ్రీలు. మెడ మొత్తం తిరిగే దూరంలో దాదాపు సగం ఈ ఒక్క కీలుదే. మిగతా సగాన్ని కిందనున్న అన్ని కీళ్లూ కలిసి పంచుకుంటాయి. అవునని తల ఊపే కీలు ఒకటి, కాదని అడ్డంగా తిప్పే కీలు ఒకటి అని పాఠాల్లో చెబుతారు. గుర్తుంచుకోవడానికి బాగుంది గానీ, గడ్డం ఛాతీకి ఆనేంత వంగాలంటే మెడ అంతా పనిచేయాల్సిందే.

అట్లాస్, ఆక్సిస్ ఎదురెదురుగా ఆనే పక్కతలాలు ఒకదానిలో ఒకటి ఒదిగేవి కావు. మృదులాస్థితో కలిపి చూస్తే రెండూ ఉబ్బెత్తుగానే ఉంటాయి. ఉబ్బు మీద ఉబ్బు నిలిచి ఉంది కాబట్టి తల తిప్పగానే అవి పక్కకు జారతాయి, అట్లాస్ రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఎముకల ఆకారం చూసి ఇది నిలకడైన కీలు అని ఎవరూ అనరు. నిలకడ మరోచోట ఉంది.

ఒక అడ్డపట్టీ, కొంత ఖాళీ

అట్లాస్ ఉంగరం లోపల, ఒక పక్కముద్ద నుంచి మరో పక్కముద్దకు డెన్స్ వెనుకగా ఒక దళసరి లిగమెంట్, అంటే ఎముకను ఎముకకు కట్టే పీచు పట్టీ, అడ్డంగా సాగుతుంది. దాని పేరే అడ్డ లిగమెంట్. డెన్స్‌కు ముందు ఎముక, వెనుక ఈ పట్టీ. పట్టీకి వెంటనే వెనుక వెన్నుపాము. అందుకే శరీరంలోని లిగమెంట్లలో అతి ముఖ్యమైనది చెప్పమంటే చాలామంది మోకాలివాటి పేర్లు చెబుతారు గానీ, నేను దీన్నే చెబుతాను. మోకాలి లిగమెంట్ తెగితే కుంటుతాం. ఇది తెగితే అట్లాస్ ముందుకు జారుతుంది, డెన్స్ వెనక్కి వచ్చి వెన్నుపామును నొక్కుతుంది. ఇందులో సాగే పీచు దాదాపు లేదు, అంతా గట్టి పీచే. హఠాత్తుగా బలం పడితే ఇది సాగదు. తరచు ఇది తెగేలోపే డెన్స్ విరుగుతుంది.

దీనికి తోడు డెన్స్ తల నుంచి పుర్రె అడుగుకు రెండు పక్కలా ఆలార్ లిగమెంట్లు ఉన్నాయి. తల మరీ తిరిగిపోకుండా ఆపేవి అవే. వీటన్నిటి వెనుక ఒక వెడల్పాటి పొర కప్పినట్టు ఉంటుంది. అది వెన్నెముక పొడవునా దిమ్మల వెనుక సాగే లిగమెంట్‌కు పై కొస. డెన్స్ కొసను పుర్రెకు కట్టే సన్నని తాడు ఒకటుంది, దాని బలం పెద్దగా లెక్కలోకి రాదు.

రెండో రక్షణ ఖాళీ. అట్లాస్ రంధ్రం మెడలో మిగతావాటికన్నా విశాలం. స్టీల్ అనే అమెరికన్ ఎముకల వైద్యుడు 1968లో దీనికి ఒక సులువైన లెక్క చెప్పాడు. ఉంగరం లోపలి ముందు వెనుకల కొలతలో మూడో వంతు డెన్స్‌ది, మూడో వంతు వెన్నుపాముది, మూడో వంతు ఖాళీ. అక్కడ ద్రవం, కొవ్వు, పొరలు తప్ప ఎముక ఏమీ లేదు. ఎముక కొంచెం జారినా వెన్నుపాము తప్పుకోవడానికి చోటుందన్నమాట. ఎక్స్‌రేలో అట్లాస్ ముందు కమానుకూ డెన్స్‌కూ మధ్య ఎడం పెద్దవాళ్లలో 3 మిల్లీమీటర్లు, పిల్లల్లో 5 మిల్లీమీటర్లు దాటితే అడ్డ లిగమెంట్ మీద అనుమానం వస్తుంది. అయినా అనుభవమున్న సర్జన్లు డెన్స్ వెనుక మిగిలిన చోటు ఎంత అని కూడా చూస్తారు, ఎందుకంటే వెన్నుపాముకు కావాల్సింది అది.

నరాల లెక్క కూడా ఇక్కడే తికమక పెడుతుంది. మెడలో పూసలు 7, నరాల జతలు 8. మొదటి జత పుర్రెకూ అట్లాస్‌కూ మధ్యనుంచి బయటికొస్తుంది. అలా ప్రతి జతా తన అంకె పూస పైనుంచే వస్తుంది, ఎనిమిదోది మాత్రం ఏడో పూస కిందనుంచి. మొదటి నరానికి చాలామందిలో చర్మం మీద వాటా లేదు, కండరాలతోనే దాని పని. రెండోదాని కొమ్మ తల వెనుక నుంచి నడినెత్తి దాకా స్పర్శ మోస్తుంది. పై మూడు నరాల నొప్పి కబుర్లు, ముఖం నుంచి వచ్చే నొప్పి కబుర్లు మెదడు అడుగున ఒకే చోట చేరతాయి. మెడ పై కీలులో పుట్టిన నొప్పి కంటి వెనుకో నుదుటనో తెలిసేది అందుకే. కళ్లద్దాలు మార్చినా తగ్గని తలనొప్పుల్లో కొన్ని ఈ కోవలోవి.

వంకరదారి రక్తనాళం

మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు వెర్టిబ్రల్ ధమనులు మెడ పూసల పక్క కొమ్ముల్లోని రంధ్రాల్లోంచి ఎక్కుతాయి. మామూలుగా ఆరో పూస దగ్గర లోపలికి దూరి, ఆక్సిస్ దాకా ఇంచుమించు నిటారుగా వస్తాయి. అక్కడి నుంచి దారి విచిత్రం. ముందు బయటికి వంగి అట్లాస్ కొమ్ములోకి దూరతాయి, తర్వాత వెనక్కి తిరిగి అట్లాస్ పక్కముద్దను చుట్టి, వెనుక కమాను మీదున్న గాడిలో అడ్డంగా పడుకుని, ఆపైన పొరలు చీల్చుకుని పుర్రెలోకి వెళ్తాయి. లోపల రెండూ కలిసి ఒకటవుతాయి.

ఇన్ని వంకరలు ఎందుకంటే, 40 డిగ్రీలు తిరిగే కీలును దాటే గొట్టం సూటిగా బిగుతుగా ఉంటే లాభం లేదు. తిరిగినప్పుడు సాగడానికి కొంత వదులు ఉండాలి. ఆ వదులే ఈ వంకర. తలను ఒక పక్కకు పూర్తిగా తిప్పినప్పుడు రెండో పక్క ధమని లాగబడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, అవతలి ధమని ఆదుకుంటుంది. అవతలిది పుట్టుకతోనే సన్నగా ఉన్న కొద్దిమందికి తల తిప్పితే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం జరుగుతాయి. కొందరిలో అట్లాస్ గాడి మీదుగా ఒక ఎముక వంతెన ఏర్పడి గాడి కాస్తా సొరంగం అవుతుంది. అదేం జబ్బు కాదు. కానీ అది వంతెన అని తెలియక, కమాను మందంగా ఉందనుకుని స్క్రూ దింపిన సర్జను ధమనిని చీల్చే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్ తప్పనిసరి.

మెడను పట్టుకుని టక్కున తిప్పి విరిపించుకోవడం గురించి ఇక్కడే ఒక మాట. ఆ తర్వాత ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. తిప్పడం వల్లే చిరిగిందా, అప్పటికే చిరగడం మొదలై ఆ నొప్పికే మనిషి మెడ తిప్పించుకోవడానికి వెళ్లాడా అన్నది ప్రతి కేసులో తేలదు. అరుదే గానీ, ఆ కాస్త హాయి కోసం అంత పణం పెట్టడం నాకైతే తెలివైన పని అనిపించదు.

ఎక్కడ విరుగుతుంది?

లోతు తక్కువ నీళ్లలోకి తలకిందులుగా దూకి నేలకు నెత్తి కొట్టుకున్నాడనుకోండి. బలం పుర్రె బుడిపెల మీదుగా నిలువుగా దిగుతుంది. అట్లాస్ పక్కముద్దలు లోపలివైపు పలచగా, బయటివైపు మందంగా ఉంటాయి. ఆ ఏటవాలు మీద పడిన బరువు వాటిని చెరోవైపు బయటికి తోస్తుంది. ఉంగరం సన్నగా ఉన్నచోట్ల, అంటే కమానుల దగ్గర, ముఖ్యంగా ధమని గాడి దగ్గర చిట్లుతుంది. బ్రిటిష్ న్యూరోసర్జన్ జెఫ్రీ జెఫర్సన్ 1920లో దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ముక్కలు బయటికే పోతాయి కాబట్టి లోపలి చోటు తగ్గదు, పెరుగుతుంది. వెన్నుపాము తరచు క్షేమంగా ఉంటుంది, మనిషి మెడనొప్పితో నడిచే వస్తాడు. ఇక అడ్డ లిగమెంట్ తెగిందా లేదా అన్నదే ప్రశ్న. నోరు పూర్తిగా తెరిపించి, పళ్ల మధ్య నుంచి డెన్స్ కనిపించేలా ఎక్స్‌రే తీస్తారు. రెండు పక్కముద్దలూ ఆక్సిస్ అంచు దాటి బయటికొచ్చిన దూరం కలిపి సుమారు 7 మిల్లీమీటర్లు మించితే పట్టీ తెగినట్టే లెక్క వేసేవారు. ఇప్పుడు ఎంఆర్ఐలో నేరుగా చూడొచ్చు.

రెండోది ఆక్సిస్‌లో సన్నగా సాగిన ఆ భాగం రెండు పక్కలా విరగడం. 1913లో వుడ్ జోన్స్ అనే బ్రిటిష్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఉరిశిక్షల్లో మెడ ఎలా విరుగుతుందో వివరించాడు: ముడి గడ్డం కింద ఉంటే తల ఒక్కసారిగా వెనక్కి విరుచుకుని, ఒంటి బరువు కిందికి లాగి, ఆక్సిస్ కమాను దిమ్మ నుంచి ఊడిపోతుంది. ఉరితీసినవాళ్లందరిలో అది కనిపించదు గానీ, హ్యాంగ్‌మ్యాన్ (తలారి) ఫ్రాక్చర్ అన్న పేరు 1960ల నుంచి స్థిరపడింది. ఈనాడు అది ఎక్కువగా వాహన ప్రమాదాల్లో వస్తుంది. ఉరిలో సాగదీత ఉంది కనుక వెన్నుపాము తెగుతుంది. కారు ప్రమాదంలో తల వెనక్కి విరిగినా సాగదీత ఉండదు. పైగా కమాను దిమ్మ నుంచి విడిపోతే సొరంగం వెడల్పవుతుంది. ఒకే చోట విరిగినా ఒకరు అక్కడికక్కడే పోతారు, ఇంకొకరు కాలర్‌తో ఇంటికెళ్తారు.

మూడోది డెన్స్ విరగడం. 1974లో ఆండర్సన్, డి'అలోంజో దీన్ని మూడు రకాలుగా విడదీశారు: కొస, అడుగు, ఆక్సిస్ దిమ్మలోకి దిగినది. మొదటిది అరుదు. మూడోదానిలో మెత్తటి ఎముక ఎదురెదురుగా విస్తారంగా ఆనుతుంది కనుక బాగా అతుక్కుంటుంది. చిక్కంతా రెండోదానితో. డెన్స్ నడుము సన్నం, పైన గట్టి ఎముక ఎక్కువ, అతుక్కోవడానికి తలం తక్కువ, తల కదిలినప్పుడల్లా ముక్క కదులుతుంది. యువకుల్లో పెద్ద ప్రమాదం జరిగితే గానీ ఇది విరగదు. ముసలివాళ్లలో నిలబడ్డచోట నుంచి పడి నుదురు కొట్టుకుంటే చాలు. తాతకో అమ్మమ్మకో పడ్డ తర్వాత మెడనొప్పి తగ్గకపోతే వయసు మీద తోసేయకుండా స్కాన్ తీయించాలి.

ఇక్కడ వెన్నుపాముకు గట్టి దెబ్బ తగిలితే ఏమవుతుందో చెప్పకుండా ఉండలేం. ఊపిరి తీసే పొర, డయాఫ్రమ్‌ను నడిపే నరం 3, 4, 5 మెడ నరాల నుంచి వస్తుంది. వాటికి పైన తెగితే ఊపిరి ఆగిపోతుంది. అట్లాస్, ఆక్సిస్ విరిగినా బాగానే ఉన్నవాళ్లు ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించడానికి ఖాళీ ఒక కారణమైతే, దెబ్బ లోపలికి పోయినవాళ్లు అక్కడిదాకా చేరకపోవడం మరో కారణం.

దెబ్బ లేకుండా వదులైతే

మెడ అరిగింది అని మనం రోజూ వినే సమస్య ఈ చోటిది కాదు. అది డిస్క్‌ల జబ్బు, ఎక్కువగా అయిదు, ఆరు, ఏడో పూసల దగ్గర వస్తుంది. పైన డిస్కే లేదు కాబట్టి అది జారే ప్రసక్తీ లేదు. ఇక్కడి జబ్బులు పట్టీకి సంబంధించినవి. రుమటాయిడ్ కీళ్లవాతంలో డెన్స్ చుట్టూ ఉన్న కీలుపొర వాచి, అడ్డ లిగమెంట్‌ను, ఎముకను కొంచెంకొంచెంగా తినేస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో లిగమెంట్లు పుట్టుకతోనే వదులు. గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత చిన్నపిల్లల మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోవడమూ ఉంది. గొంతు వెనుక వాపు పక్కనే ఉన్న ఈ కీలుకు పాకి కట్లు వదులవడమే దానికి కారణం. ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చి గొంతులో గొట్టం వేయాలంటే తలను వెనక్కి వంచాలి. మెలకువలో కండరాలు కాపాడిన కీలును మత్తులో కాపాడేవాళ్లు ఉండరు. మత్తు డాక్టరు ముందే మెడ గురించి అడిగేది ఇందుకే.

బాగా వదులైతే బిగించాలి. 1939లో గాలీ అనే కెనడా సర్జన్ తీగతో అట్లాస్ వెనుక కమానును ఆక్సిస్‌కు కట్టాడు. తర్వాత మాగెర్ల్ అనే మరో సర్జన్ రెండు ఎముకల కీలు గుండా స్క్రూలు దింపాడు. 1994లో ముంబై న్యూరోసర్జన్ అతుల్ గోయల్ అట్లాస్ పక్కముద్దలో ఒకటి, ఆక్సిస్‌లో ఒకటి విడివిడిగా స్క్రూలు వేసి ప్లేట్‌తో కలిపే పద్ధతిని ప్రచురించాడు. 2001లో జర్మనీకి చెందిన హార్మ్స్ దాన్ని కడ్డీలతో మార్చి చెప్పాడు. ప్రపంచమంతా ఇప్పుడు ఎక్కువగా వాడేది ఆ ఇద్దరి పేర్లతో ఉన్న పద్ధతే. బిగింపు గట్టిగా ఉంటుంది, ఎముకలు అతుక్కుంటాయి, కానీ తల తిరిగే దూరంలో సగం శాశ్వతంగా పోతుంది. బండి వెనక్కి తీసేటప్పుడు భుజాలతో సహా తిరగాల్సిందే.

అందుకే డెన్స్ అడుగున విరిగి, అడ్డ లిగమెంట్ బాగుంటే, కొందరు సర్జన్లు మెడ ముందు నుంచి డెన్స్‌లోకే నిలువుగా ఒక స్క్రూ ఎక్కిస్తారు. కీలు కీలుగానే మిగులుతుంది. ఎముక గుల్లబారిన వృద్ధుల్లో ఆ స్క్రూ పట్టు నిలవదు, పెద్ద ఆపరేషన్‌కు గుండె ఊపిరితిత్తులు ఒప్పుకోవు. ఎనభై దాటినవాళ్ల విషయంలో కాలర్ వేసి ఊరుకుని, ఎముక అతక్కపోయినా మధ్యలో పీచు ఏర్పడి ముక్క కదలకుండా నిలిస్తే చాలనుకునే వైద్యులు ఇప్పుడు తక్కువేం కాదు.